మూత ఎగరేసే మాట

తలుపు మీద అట్టముక్క.
గది అద్దెకు. మూడో అంతస్తు. వీధివైపు కిటికీ.
ఆ కింద, సిరాతో రెండుసార్లు దిద్ది,
ఒక్క మాట:
బుయిసియోసా.

కాదిజ్‌లో చేపల బజారు వెనక సందు అది.
నేను సోరియా నుంచి వచ్చాను,
పదకొండుమంది మిగిలిన ఊరు.
అక్కడ ఆ మాటకి పని లేదు.
చిన్నప్పుడు పంతులమ్మ నా మీద ఒకసారి వాడింది గానీ
అది చీవాటు,
నేను బల్ల మీంచి బల్ల మీదకి దూకినందుకు.

"కొట్టెయ్ దాన్ని," అంటున్నాడు కింద ఉప్పుచేపల కొట్టు ఫెర్మీన్,
"ప్రశాంతం అని రాయి ఒబ్దూలియా,
వచ్చేవాళ్ళు మెట్లమీంచే పారిపోతారు."
ఆమె అతని పెదాలకేసి చూసింది,
ఈగను తోలినట్టు చెయ్యి విసిరింది,
నన్ను రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది.

పొయ్యిమీద శనగలు, బొమిక, పుదీనా రెమ్మ.
"ఇదిగో, బుయీర్ అంటే ఇది.
తెర్లడం.
ఆ మాట పుట్టిల్లు ఈ కుండ."
మూత టకటకమని ఎగురుతోంది,
అంచు చుట్టూ నురగ.

"గోల వేరమ్మాయ్.
రోడ్డు తవ్వే యంత్రం ఉందనుకో,
ఫెర్మీన్ మోటారు బండి ఉందనుకో,
రుయిదోసో అను, చాలు వాటికి.
వాటి లోపల ఎవరూ లేరు.
దీనికి మనుషులు కావాలి.
పోనీ, పిచ్చుకలైనా.
ఒక్కడు గొంతు చించుకుంటే ఇది రాదు,
ఒక్క శనగగింజ ఉడికితే మూత లేస్తుందా?"

బజారైతే చివర సో, వీధైతే సా,
వీధి ఆడది, ఎందుకని అడక్కు, అంది.
మద్రిదు వాళ్ళు నాలుక పళ్ళ సందున పెట్టి థి అంటారు,
మాకంత తీరిక లేదు, అంది.
అద్దె ఎంతో చెప్పడం మాత్రం మర్చిపోయింది.

మొదటి వారం నాకు నిద్ర లేదు.
రాత్రి రెండింటికి కుర్చీలు ఈడ్చే చప్పుడు,
నాలుగున్నరకి మంచుపెట్టెల లారీ,
ఐదుకల్లా ఎన్కార్నా గొంతు,
రొయ్యల ధర పాడుతున్నట్టో తిడుతున్నట్టో.
ఎనిమిదో రోజు కిందకి దిగాను, జుట్టు విరబోసుకుని:
"నిజమే రాశారు గానీ
మరీ ఇంత నిజమా?"

ఆమె వెనక్కి తిరగలేదు.
మళ్ళీ అన్నాను.
నా మోచెయ్యి తగిలి ఇత్తడి గిన్నె రాతినేల మీద పడి
దొర్లి దొర్లి, గోడ దగ్గర ఆగింది.
ఆమె పుదీనా తుంచుతూనే ఉంది.

"తొమ్మిదేళ్ళయింది," అన్నాడు ఫెర్మీన్,
ఎండుచేప తోక కోస్తూ.
"ముందు ఎడమది పోయింది.
కుడిది దాని వెనకే, తోడు పోయినట్టు."

అప్పుడు గదా నాకు ఆ అట్టముక్క అర్థమైంది.
చెవితో రాసిన మాట కాదు.
పొద్దున ఆరింటికి ఆమె కిటికీ దగ్గర నిలబడుతుంది,
అద్దానికి అరచెయ్యి ఆనించి.
కింద టోపీలు, తక్కెళ్ళు, ఎగిరే పొలుసులు,
ఒక ట్యూనాని ఇద్దరు మోస్తుంటే
దారివ్వమంటూ మూడోవాడు నడుస్తూ,
ఎవరో తల వెనక్కి వాల్చి నవ్వుతూ.
నోళ్ళన్నీ తెరుచుకుంటాయి, మూసుకుంటాయి.
అడుగున మంట ఎక్కడుందో తెలీదు.

ఆది, సోమ చేపల్లేవు.
ఖాళీ బల్లల మీద గాలి తిరిగింది.
ఆమె వచ్చి చూసి, పెదవి విరిచి,
"చల్లారిపోయింది," అని
అన్నం తినకుండా పడుకుంది.

మంగళవారం లారీకంటే ముందే నాకు మెలకువ వచ్చింది.
చెవుల్లో దూది కుక్కుకుని
అద్దం మీద అరచెయ్యి పెట్టాను.
వెచ్చగా ఉంటుందనుకున్నాను.
లేదు, చల్లగానే ఉంది,
కాస్సేపటికి
వణకడం మొదలుపెట్టింది.